గల్లాపెట్టె దగ్గర నిలబడ్డవాడు

మా మేనల్లుడు ఈ మధ్యనే హైదరాబాదులో ఒక సూపర్ మార్కెట్టులో క్యాషియరుగా చేరాడు. ఆ కబురు చెప్పీ చెప్పకముందే చుట్టాలందరూ ఒకే పాట అందుకున్నారు. "అదేం ఉద్యోగమురా, ఎదుగూ బొదుగూ లేనిది!" వాడు నా దగ్గరకు వచ్చి, "నిజమేనా మామయ్యా?" అని అడిగాడు. నిజమే. కాని ఎందుకు నిజమో ఎవరూ చెప్పరు. పైగా తప్పంతా ఆ కుర్రవాడిదే అన్నట్లు పెదవి విరుస్తారు. నా పేచీ అక్కడే.

మన ఊళ్ళలో గల్లాపెట్టె దగ్గర ఎవరు కూర్చునేవారో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. యజమాని, అతడు లేనప్పుడు కొడుకో అల్లుడో, తప్పనిసరైతే ఏళ్ళ తరబడి నమ్మకంగా పనిచేసిన గుమాస్తా. దుకాణం మొత్తంలో గౌరవమైన స్థానమది. ఈనాడు అక్కడికి జీతగాడు వచ్చాడు. యజమాని బాధ్యత అతనికి సంక్రమించింది. గౌరవం సంక్రమించలేదు. కుర్చీ అయినా సంక్రమించలేదు. కేరళలో బట్టల దుకాణాలలో పనిచేసే స్త్రీలు ఏళ్ళ తరబడి పోరాడితే తప్ప, 2018లో కూర్చునే హక్కు చట్టంలోకి ఎక్కలేదు. తమిళనాడు 2021లో ఆ దారి పట్టింది. కూర్చోవడానికే శాసనసభ కావలసివచ్చిన వృత్తి ఇది!

ఇక నమ్మకం సంగతి. 1879లో అమెరికాలోని డేటన్ నగరంలో జేమ్స్ రిట్టీ అనే మద్యశాల యజమాని, పనివాళ్ళు సొమ్ము కాజేస్తున్నారన్న అనుమానంతో క్యాష్ రిజిస్టరును కనిపెట్టాడు. దానికి పెట్టిన పేరు 'అవినీతి ఎరుగని క్యాషియరు'. మనిషి క్యాషియరు దొంగే అన్న తీర్పు ఆ యంత్రం పుట్టుకలోనే ఉన్నది.

ఆ తీర్పు నేనూ అనుభవించాను. డిగ్రీ అయిన కొత్తలో ఒక బట్టల దుకాణంలో ఏడాదిపాటు ఆ బల్ల వెనుక నిలబడ్డాను. ఒక పండుగ రాత్రి లెక్కలో అయిదు వందలు తగ్గాయి. ఒక్క ప్రశ్నయినా వేయకుండా జీతంలో కోసుకున్నారు. మరొకనాడు నూటపాతిక ఎక్కువ వస్తే, అది మాత్రం దుకాణం ఖాతాకు జమ అయింది. తరుగు నాది, మిగులు వారిది. పోయిన సొమ్ము ఉద్యోగి నిర్లక్ష్యం వల్లనే పోయిందని తేలాలని, కోత పెట్టే ముందు అతని సంజాయిషీ వినాలని 1936 నాటి వేతన చెల్లింపు చట్టం చెప్పింది. 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడులోనూ ఆ నియమం ఉన్నది. నాకు ఆనాడు ఆ సంగతి తెలియదు. తెలిసినవారెవరూ చెప్పలేదు.

"కష్టపడితే మేనేజరు కావచ్చు కదా" అంటారు పెద్దలు. పది కౌంటర్లకు ఒక్క మేనేజరు. పదిమందీ కష్టపడితే పదిమందీ మేనేజర్లవుతారా? ఈపాటి కూడికలు, తీసివేతలు క్యాషియరుకు రావనుకుంటున్నారు కాబోలు.

"ఫోనుతో చెల్లించే రోజులలో క్యాషియరెందుకు" అన్నది మరొక వాదం. 2016లో యూపీఐ వచ్చిన తరువాత చిల్లర బాధ తగ్గిన మాట వాస్తవమే. కాని ఖాతాలో డబ్బు తెగి దుకాణానికి చేరనప్పుడు, బోర్డు మీద ఒక ధర, బిల్లులో మరొక ధర కనిపించినప్పుడు, కొనుగోలుదారు కేకలు వేసేది ఎవరిమీద? యంత్రం మీద కాదు గదా.

ప్రభుత్వరంగ బ్యాంకులో నగదు కౌంటరు గుమాస్తా చేసేదీ సొమ్ము లెక్కపెట్టడమే. అతనికి కుర్చీ ఉన్నది. సంఘం ఉన్నది. ద్వైపాక్షిక ఒప్పందంతో నిర్ణయమయ్యే జీతం ఉన్నది. పరీక్ష వ్రాసి ఆఫీసరయ్యే దారి ఉన్నది. అదే నోటు, అదే లెక్క, అదే వేళ్ళు. అక్కడ నిచ్చెన వేశారు, ఇక్కడ వేయలేదు. వేయనివారిని వదిలి, ఎక్కలేదని కుర్రవాడిని నిందించడం ఏపాటి న్యాయం?

మా వాడికి రెండు మాటలు చెప్పాను. రోజూ లెక్క అప్పగించేటప్పుడు సంతకమైన కాగితం ఒకటి దగ్గర ఉంచుకోమన్నాను. సాయంత్రాలు దొరికితే అకౌంట్లు నేర్చుకోమన్నాను. చుట్టాలకు చెప్పవలసినది మాత్రం ఒక్కటే. ఈసారి బిల్లు కట్టేటప్పుడు బల్ల అవతలకు తొంగిచూడండి. అక్కడ కుర్చీ ఉన్నదో లేదో చూసి, ఆ తరువాత ఎదుగుదల గురించి మాట్లాడండి.