పాత విలాస కారు కొనుటకు ముందు

ప్లగ్గున చార్జి చేసుకొని పెట్రోలుతోను నడచు పాత విలాస కారును కొట్పాడుకు తెచ్చుకొనదలచిన మన కుటుంబములవారికి ఒక మాట. కొత్తనాడు లభించిన ఐదు నక్షత్రములను చూచి మురియుట మాకు సమ్మతము కాదు. అవి ఢీకొన్నప్పటి రక్షణను చెప్పునేగాని తయారీలోపమును పసిగట్టవు.

2020లో బి.ఎం.డబ్ల్యు. సంస్థ ఇట్టి బండ్లను ప్రపంచమంతట 26,000కు పైగా వెనుకకు పిలిచెను. బ్యాటరీలో మలినములు చేరి, షార్ట్ సర్క్యూట్ అయి, మంటలు లేచు ప్రమాదముండెను. మరమ్మతగువరకు చార్జి చేయవలదని యజమానులకు తెలిపిరి. వానిలో 7 సిరీస్ సెడానులును గలవు.

కావున ఛాసిస్ నంబరు పట్టి, అట్టి లోపమున్నదో లేదో, ఉన్నచో సరిదిద్దిరో లేదో కంపెనీ సర్వీసు కేంద్రమున వ్రాతమూలకముగా తెలిసికొనవలెను. బీమా క్లెయిముల చరిత్రయు అడుగవలెను. వరదనీట మునిగిన బండి రంగు ఎంత నిగనిగలాడినను దాని బ్యాటరీ నమ్మదగినది కాదు. ధర సగమునకు దిగినదట! కాగితము చూపని వానితో బేరమే వలదు.

సాలూరు ఘాటీ దిగునపుడు మరియొక సంగతి: బ్యాటరీ నిండియున్నచో మోటారు బండిని అంతగా నిలువరింపజాలదు, భారమంతయు బ్రేకులపైననే పడును.