బిడ్డను ఎవరి చేతికి అప్పగిస్తున్నాము?



సైదాబాదు, చంపాపేట, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాలలో కాపురముంటున్న మన సంఘాల యౌవన దంపతులు అనేకులు ఇద్దరూ ఉద్యోగాలు చేస్తున్నారు. పల్లెలో ఉన్న అమ్మమ్మ గాని నానమ్మ గాని పొలము, గొడ్లు విడిచిపెట్టి నెలల తరబడి వచ్చి ఉండలేరు. కాబట్టి ఆయా కోసం వెదకులాట మొదలవుతుంది. "అయ్యగారూ, మన విశ్వాసులలో మంచి మనిషి ఎవరైనా ఉంటే చెప్పండి" అని కాపరులను అడుగుతారు. అదే సమయములో పల్లె సంఘాల నుండి "అయ్యగారూ, మా అమ్మాయికి పట్నంలో పిల్లలను చూసుకునే పని ఏదైనా చూపించండి" అనే మాట వస్తుంది. ఈ రెండు మాటల నడుమ ఒక పసిబిడ్డ ఉన్నది. ఆ బిడ్డ క్షేమమును గూర్చి ఈ నెల ఆలోచించుదాము.

మనము ఎద్దును కొనేటప్పుడు పళ్ళు చూస్తాము, సుళ్ళు చూస్తాము, నడిపించి చూస్తాము. పాడిగేదె అయితే రెండు పూటలు పాలు పిండి చూడనిదే బేరము తెగదు. మనుషులను పశువులతో పోల్చడము మా ఉద్దేశము కాదు, మన జాగ్రత్తను మాత్రమే పోల్చుతున్నాము. బిడ్డను అప్పగించే దగ్గరకు వచ్చేసరికి "మన సంఘమామెయే గదా" అన్న ఒక్క మాటతో విచారణ ముగిసిపోతున్నది.

పరిశుద్ధ గ్రంథములో దాదులు ఉన్నారు. రిబ్కా దాది దెబోరా మరణించినప్పుడు ఆమె పేరును, ఆమెను పాతిపెట్టిన చోటును కూడ ఆదికాండము 35వ అధ్యాయము వ్రాసిపెట్టినది. నమ్మకముగా బిడ్డను పెంచిన స్త్రీకి దేవుని యింట అంత గౌరవమున్నది. రెండవ సమూయేలు 4వ అధ్యాయములో మెఫీబోషెతు దాది ఉన్నది. ఆమెకు దురుద్దేశము ఏమీ లేదు. ప్రాణభయముతో త్వరపడి పరుగెత్తినప్పుడు ఐదేండ్ల పిల్లవాడు పడి జీవితమంతా కుంటివాడయ్యాడు. బిడ్డను ఎత్తుకున్న చేతుల మీద ఎంత భారమున్నదో ఈ ఇద్దరిని చూచి గ్రహించవచ్చు. పరిచారకులను సహితము ముందు పరీక్షించిన తరువాతనే పనిలో నియమించుమని పౌలు తిమోతికి నేర్పినాడు (1 తిమోతి 3:10). పరీక్షించుట అవిశ్వాసమైతే అపొస్తలుడు ఆ మాట వ్రాసేవాడు కాడు.

మరి ఎలా పరీక్షించాలి? మొదటిది, పోలీసు విచారణ. పనికి కుదుర్చుకునే మనిషి ఫోటో, గుర్తింపు కార్డు నకలు, సొంత ఊరి చిరునామా తీసుకొని మీ ప్రాంతపు పోలీసు స్టేషనులో అడగండి. ఆమె దేవరకొండ వైపు నుండి వచ్చినదైతే అక్కడి స్టేషనులోని వివరము కూడ తెలియాలి. దేశములోని స్టేషన్ల రికార్డులను కంప్యూటర్ల ద్వారా కలిపే పథకాన్ని కేంద్ర ప్రభుత్వము 2009లో మంజూరు చేసినది. లైంగిక నేరస్థుల జాతీయ పట్టిక 2018లో మొదలైనది. అయితే దానిని పోలీసువారే చూడగలరు, మనము చూడలేము. అందుచేత పోలీసువారినే అడగాలి.

అయినను పోలీసు కాగితము ఎంతవరకు చెప్పగలదో తెలిసికొనండి. కేసు నమోదైనది అందులో ఉంటుంది. ఎవరూ ఫిర్యాదు చేయనిది ఉండదు. ఇంగ్లండులో సోహమ్ అనే ఊరిలో 2002లో పదేండ్ల బాలికలు ఇద్దరు హత్యకు గురయ్యారు. చంపినవాడు అక్కడి ఒక పాఠశాల సంరక్షకుడు. వాని మీద అంతకు ముందు వేరొక జిల్లాలో ఎన్నో ఆరోపణలు వచ్చాయి గాని ఒక్కటీ శిక్ష వరకు వెళ్ళలేదు. వాడు వేరే ఇంటిపేరు కూడ వాడేవాడు. ఒక జిల్లా పోలీసులకు తెలిసినది మరొక జిల్లాకు చేరలేదు. 2004లో విచారణ సంఘము ఈ లోపాలను బయటపెట్టిన తరువాత ఆ దేశము తన చట్టాన్నే మార్చుకున్నది.

కాబట్టి రెండవది, మనుషుల విచారణ. ఆమె ఇంతకు ముందు పని చేసిన ఇంటికి స్వయముగా వెళ్ళండి. "మంచిదేనా?" అని అడిగితే "మంచిదే" అంటారు, దానితో ప్రయోజనము లేదు. ఎన్నాళ్ళు చేసినది, ఎందుకు మానినది, బిడ్డ మారాము చేస్తే ఏమి చేసేది, ఆమెను చూడటానికి ఎవరు వచ్చేవారు, మీ బిడ్డను మరల ఆమెకు అప్పగిస్తారా అని అడగండి. మొదటి కొన్ని వారాలు ఇంటివారు ఒకరు దగ్గర ఉండండి. తరువాత కూడ అనుకోని వేళ ఇంటికి వచ్చి చూడండి. ఈ విచారణ అంతా ఆమెకు ముందే చెప్పి, మర్యాదగా చేయండి. ఆమె అసలు కార్డులు మీ బీరువాలో పెట్టుకొనవద్దు. పేదరాలు గనుక దొంగ అనుకొనుట పాపము. ధనికుల ఇంటినుండి వచ్చినదని ఏమీ అడగకపోవుట తెలివితక్కువ.

మూడవది, ఆయా ఒక్కతెనే కాదు, బిడ్డ దగ్గరకు వచ్చే ప్రతివారిని గమనించండి. 2021 సెప్టెంబరులో మన సైదాబాదు సింగరేణి కాలనీలో ఆరేండ్ల పాపను పాడుచేసి చంపినవాడు పొరుగింటివాడే. 2022లో బంజారాహిల్స్‌లో ఒక పాఠశాలలో నాలుగేండ్ల పాపను హింసించినవాడు ప్రిన్సిపాలు గారి డ్రైవరు. అతనికి 2023లో కోర్టు 20 సంవత్సరాల జైలుశిక్ష విధించినది. చిన్నపిల్లల మీద అత్యాచారము చేసినవారిలో నూటికి తొంబైమందికి పైగా ఆ బిడ్డకు తెలిసినవారేనని జాతీయ నేర నమోదు సంస్థ నివేదికలు చూపుతున్నాయి. ఆయాను పెట్టుకొనే స్తోమత లేక బిడ్డను పొరుగింట విడిచి కూలికి వెళ్ళే తల్లులు మన సంఘాలలో ఉన్నారు. వారి కోసం సంఘ స్త్రీలు వంతులవారీగా పిల్లలను చూడగలిగితే, ఎప్పుడూ కనీసము ఇద్దరు కలిసి ఉండి చూడగలిగితే, అది గొప్ప పరిచర్య.

ఇక మన గుడి సంగతి. పిల్లలను లైంగిక నేరముల నుండి కాపాడే పోక్సో చట్టము 2012లో వచ్చినది. దాని క్రింద 2020లో చేసిన నియమాల ప్రకారము పాఠశాల, శిశుసంరక్షణ కేంద్రము, హాస్టలు వంటి పిల్లలతో వ్యవహరించే ప్రతి సంస్థ తన సిబ్బందికి పోలీసు విచారణ చేయించాలి, మరల మరల చేయించాలి. మన సండే స్కూలు, సెలవుల బైబిలు బడి, హాస్టలు నడిపేవారు ఇది ఇతరుల కోసమని అనుకొనకూడదు. ఇంటివారిని జాగ్రత్తపడుమని చెప్పే మేము గుడిలో తలుపు తెరిచి ఉంచితే ఆ బోధకు విలువ ఏమి?

తోటి కాపరులకు ఒక మనవి. మన చేతి ఉత్తరమును నమ్మి తల్లి తన బిడ్డను అప్పగిస్తుంది. పౌలు ఫీబేను గూర్చి రోమా సంఘానికి వ్రాసినప్పుడు ఆమె కెంక్రేయ సంఘ పరిచారకురాలనియు, అనేకులకును తనకును సహాయము చేసినదనియు వ్రాశాడు (రోమా 16:1,2). తాను ఎరిగినదే వ్రాశాడు. "మా సంఘ విశ్వాసి, మంచి సాక్ష్యము గలది" అని ఎవరు అడిగితే వారికి వ్రాసి ముద్ర వేయడము మానుదాము. ఎన్నేండ్లుగా ఎరుగుదుము, ఏమి చూచాము అన్నది వ్రాద్దాము. ఎరుగకపోతే ఎరుగమని చెప్పుదాము. బాప్తిస్మపు రిజిస్టరు నడవడికకు పత్రము కాదు.

పల్లెలోని తల్లిదండ్రులారా, మీ ఆడపిల్లను పట్నానికి పంపేటప్పుడు ఈ విచారణ అంతా మీరును చేయండి. ఆ ఇంట ఎవరెవరు ఉంటారు? ఆమె ఎక్కడ పడుకుంటుంది? మీతో ఫోనులో ఒంటరిగా మాట్లాడనిస్తారా? జీతము ఎవరి చేతికి వస్తుంది? పద్నాలుగేండ్లు నిండని పిల్లను ఇంటిపనికి పెట్టుకొనుట 2006 నుండి చట్టవిరుద్ధము. ఆ వయసు పిల్లకు తగిన స్థలము బడి. ఆయాకు ఎత్తుకొనే బిడ్డ ఎంత ముఖ్యమో, ఎత్తుకొన్న పిల్ల కూడ దేవునికి అంతే ముఖ్యము.

బిడ్డ ఏదైనా చెబితే నమ్మండి. ఒకరిని చూచి ఉలిక్కిపడినా, తిండి, నిద్ర మానినా కారణము వెదకండి. 1098కి గాని 112కి గాని ఫోను చేయండి. పోక్సో చట్టము ప్రకారము పిల్లల మీద లైంగిక నేరము జరిగినదని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. తెలిసి దాచుట నేరము. "సంఘము పరువు పోతుంది, మనలో మనము సర్దుకుందాము" అని పెద్దలు అన్నా వినవద్దు. సంఘము పరువు కాపాడుకొనుటకు ప్రభువు చిన్నపిల్లలను బలి అడుగలేదు.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో మీ బిడ్డ దినమంతా ఎవరెవరి చేతులలో ఉంటున్నదో ఒక్కొక్క పేరు చెప్పుకొని ప్రార్థించండి. ఏ పేరు దగ్గరైనా మీ మనస్సు ఆగితే, ఆమేన్ చెప్పి ఊరుకొనక, మరునాడే వెళ్ళి విచారించండి.

ప్రభువు మీ పిల్లలను కాపాడును గాక.