పాత బండికి చాంబర్ కావాలి

పాత కారు ఏం పోయి మూలన పడుతుందని అడిగితే చాలామంది ఇంజన్ అనో, గేర్‌బాక్స్ అనో చెబుతారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో అంబాసిడర్లను, పాత జీపులను ఇంకా నడిపిస్తున్న మెకానిక్‌లు మాత్రం చాంబర్ పేరు కూడా తప్పకుండా ఎత్తుతారు. ఇంజన్ అడుగున చుట్టూ బోల్టులతో బిగించి ఉండే రేకు తొట్టి అది. ఇంజన్ ఆయిల్ అందులో నిలుస్తుంది. పంపు అక్కడి నుంచే తోడి క్రాంకుకు, మెటల్స్ అనే బేరింగులకు, పైన రాకర్లకు పంపుతుంది. పని ముగించుకున్న ఆయిల్ మళ్లీ అందులోకే కారుతుంది. బండిలో నేలకు అంత దగ్గరగా ఉండేవి కొన్నే కాబట్టి, దారిలో రాయి లేచినా, ఎత్తు తెలియని స్పీడ్‌బ్రేకర్ ఎదురైనా మొదటి దెబ్బ చాంబర్‌కే.

మన దారులు తెలిసినవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం, పాచిపెంట వైపు కొండల మీది ఊళ్లకు తారు రోడ్డు అన్నిచోట్లా లేదు. గెడ్డలో, అంటే వాగులో, దిగి ఎక్కాల్సిన చోట్లున్నాయి. సంత రోజున మనుషులతో, మూటలతో నిండిన సర్వీసు జీపు అసలే కిందికి కుంగి ఉంటుంది. గెడ్డలో రాయి చాంబర్‌ను గీరితే లోపల ఉన్నవారికి చిన్న చప్పుడు వినిపిస్తుంది, అంతే. ఆయిల్ ధారగా కారిపోతే నయం, వెంటనే తెలుస్తుంది. సన్న బీటలోంచి చుక్కచుక్కగా పోతేనే ప్రమాదం. ఘాట్ ఎక్కుతూ ఎక్కుతూ ఇంజన్ బిగుసుకుపోతుంది. మెటల్స్ కాలి, క్రాంకు గీతలు పడి, బండి లాగించుకుని కిందికి రావాల్సి వస్తుంది. “రేకు దొరికితే బండి లెగుస్తాది బాబూ, నేకపోతే ఇంజనంతా ఇప్పీసి కూకోవాల” అన్నాడొక పెద్దవయసు మెకానిక్. ఆయన చేతిలో అప్పుడు ఉన్నది అంబాసిడర్ చాంబరే. ఒక మూల సొట్టపడి, రెండుసార్లు అతుకులు వేయించుకుని, మూడోసారికి అతుకు నిలిచే చోటు లేకుండా అయిపోయింది.

అంబాసిడర్ కథ అందరికీ తెలిసిందే. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారును హిందుస్థాన్ మోటార్స్ తెచ్చుకుని, కోల్‌కతా దగ్గర ఉత్తరపారా ఫ్యాక్టరీలో తయారు చేసింది. అర్ధ శతాబ్దం పైగా ఆకారం పెద్దగా మారలేదు. ఇంజన్ మాత్రం మారింది. 1,489 సీసీ పెట్రోలు ఇంజన్, తర్వాత డీజిల్, 1990ల్లో ఇసుజు వారి 1,800 సీసీ పెట్రోలు ఇంజన్ వచ్చాయి. 2014 మేలో ఉత్తరపారాలో పని ఆగిపోయింది. 2017లో అంబాసిడర్ అనే పేరును ఫ్రాన్సు కంపెనీ ప్యూజో 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. ఒకప్పుడు మహీంద్రా జీపుల్లో తిరిగిన డీజిల్ ఇంజన్ కూడా ఆ ప్యూజో లైసెన్సుతో వచ్చిందే. పేరుకు 80 కోట్లు పలికిన కారుకు, తయారీ ఆగి పదేళ్లు తిరిగేసరికి కింద బిగించే రేకు కొత్తది కొనడం కష్టమైపోయింది.

కొత్తది లేనప్పుడు పాతదే దిక్కు. దాన్ని వెతికే దారి ఒకటుంది. ముందు ఊళ్లోని పాత సామాన్ల కొట్లు, తర్వాత గాజువాక ఆటోనగర్, అక్కడా లేకపోతే విజయవాడ జవహర్ ఆటోనగర్. అదీ దాటితే రెండే దిక్కులు. దక్షిణాన చెన్నై పుదుపేట, ఉత్తరాన కోల్‌కతా మల్లిక్ బజార్. పాత బండ్లను విప్పి ముక్కముక్కగా అమ్మే బజార్లుగా రెండింటికీ దేశమంతా పేరుంది. మన రెండు జిల్లాలూ హౌరా–చెన్నై రైలు మార్గం మీదే ఉండడం ఒక అదృష్టం. రాత్రి ఆమదాలవలసలోనో, పలాసలోనో బండెక్కితే మర్నాడు హౌరాలో దిగొచ్చు. అంబాసిడర్ పుట్టిన ఊరికి దగ్గర కాబట్టి దాని భాగాలకు మల్లిక్ బజారే మేలన్నది ఇక్కడి మెకానిక్‌ల నమ్మకం.

అయితే చాంబర్ దొరికిందని సంబరపడి డబ్బు కట్టేస్తే కుదరదు. కొట్టువాడు వేసే మొదటి ప్రశ్నే “పదిహేను వందలదా, ఇసుజుదా?” అని. బయటికి బండి ఒకటే అయినా ఇంజన్ వేరైతే చాంబర్ వేరు. బోల్టు రంధ్రాలు కలవవు, లోతు కలవదు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు పాత చాంబర్‌ను గోనెసంచిలో చుట్టి వెంట తీసుకెళ్తారు. అది కుదరకపోతే పాత ప్యాకింగును అట్ట మీద పరిచి, రంధ్రాలన్నీ పెన్సిలుతో గీసుకుని ఆ అట్టను పట్టుకెళ్తారు. ఫొటో పంపిస్తే చాలదా అని కుర్రాళ్లు అడుగుతారు. ఫొటోలో అంచు వంకర తెలియదు.

ఆ అంచే ప్రాణం. పాత చాంబర్ చేతికి రాగానే చేసే పనిని దగ్గర నిలబడి చూడాలి. ముందు డీజిల్‌లో నానబెట్టి, ఏళ్లనాటి నల్ల మడ్డిని గోకి తీస్తారు. తర్వాత దాన్ని మందపాటి అద్దం మీదనో, చదునైన ఇనప బల్ల మీదనో బోర్లించి లోపల దీపం పెడతారు. అంచు కింద ఎక్కడ వెలుతురు కనిపిస్తే అక్కడ ఎత్తుపల్లం ఉన్నట్టు. గతంలో ఎవరో బోల్టులను అతిగా బిగించడం వల్ల ప్రతి రంధ్రం దగ్గరా రేకు పైకి ఉబికి ఉంటుంది. చిన్న సుత్తితో, వెనక చెక్కముక్క ఆసరా పెట్టి, ఒక్కొక్క రంధ్రాన్నీ చదును చేస్తారు. ఆ తర్వాత బీటల పరీక్ష. బయట అంతా సుద్ద పూసి, లోపల కిరోసిన్ పోసి రాత్రంతా వదిలేస్తారు. ఎక్కడ సన్నని బీట ఉన్నా తెల్లారేసరికి సుద్ద మీద తడి గీత కనిపిస్తుంది. రేకు చాంబర్ అయితే గ్యాస్ వెల్డింగుతో ఇత్తడి అతుకు పడుతుంది. అల్యూమినియం పోత అయితే ఆర్గాన్ వెల్డింగు కావాలి, అది ప్రతి ఊళ్లోనూ దొరకదు. ఆఖరున ఆయిల్ దించే బోల్టు మర చూస్తారు. అది అరిగి ఉంటే మిగతా శ్రమంతా వృథా. ఇవన్నీ అయ్యాక కార్క్ ప్యాకింగు పరిచి, అనబాండ్ జిగురు రాసి, బోల్టులను ఒక వరసలో కాకుండా ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగిస్తూ వస్తారు. ఒక్క బోల్టును తొందరపడి ముందే పూర్తిగా బిగించినా ఆయిల్ కారుతుంది.

అమెరికాలోనూ ఇదే పని ఉంది, కాకపోతే సరదా కోసం. 1930ల్లో దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత ఫోర్డు కార్లను చవగ్గా కొని, బరువు తగ్గించి, పెద్ద ఇంజన్లు బిగించి, ఎండిన సరస్సుల మీద పరుగులు తీయించేవారు. ఆ బండ్లకే హాట్ రాడ్ అని పేరొచ్చింది. 1955లో షెవర్లే చిన్న వీ–8 ఇంజన్ వచ్చాక చాలామంది అదే బిగించుకోవడం మొదలెట్టారు. వాళ్ల అసలు తలనొప్పుల్లో చాంబర్ ఒకటి. ఒక బండికని చేసిన ఇంజన్‌ను మరో బండి ఛాసిస్‌లో కూర్చోబెడితే, చాంబర్ లోతు భాగం అడ్డ కమ్మీకో, స్టీరింగ్ రాడ్డుకో తగులుతుంది. ఆ షెవర్లే ఇంజన్‌లోనూ ఏళ్లను బట్టి తేడాలున్నాయి. 1979 దాకా ఆయిల్ చూసే పుల్ల ఎడమవైపు ఉంటే, 1980 నుంచి కుడివైపుకు మారింది. 1986లో క్రాంకు వెనక సీలే మారిపోయి, పాత చాంబర్లు పట్టకుండా అయ్యాయి. అయినా అక్కడ దాదాపు ఏ సంవత్సరం ఇంజన్‌కైనా, ఏ ఛాసిస్‌కైనా సరిపడే చాంబర్‌ను కొత్తగా తయారుచేసి అమ్మేవాళ్లున్నారు. డెబ్బై ఏళ్లనాటి ఇంజన్‌కు ఇవాళ చేసిన చాంబర్ దొరుకుతుంది. మనకు 2014 దాకా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారుకు దొరకదు.

మన దగ్గర ఇంజన్ మార్పిడి అవసరం కొద్దీ జరిగింది. పెట్రోలు ఖర్చు భరించలేక జీపుకు, అంబాసిడర్‌కు వేరే డీజిల్ ఇంజన్ వేయించుకున్నవారు ఎందరో. చట్టం దీనికి గట్టి హద్దులు పెట్టింది. ఇంజన్ మార్చాలంటే రవాణా శాఖ అనుమతి ఉండాలి, కొత్త నంబరు ఆర్సీలో ఎక్కాలి. తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. భద్రత దృష్ట్యా ఆ హద్దులు ఉండాల్సిందే. ఇక్కడ చెప్పదలచింది ఆ మార్పిడిలో పుట్టిన పనితనం గురించి. జీపులో ముందు యాక్సిల్ ఇంజన్ కిందుగా పైకీ కిందికీ ఆడుతుంది. కొత్త ఇంజన్ చాంబర్ దానికి తగలకుండా ఒక పక్క కోసి, మరో పక్క పెంచి, పట్టే ఆయిల్ తగ్గకుండా చూడాలి. లోపల ఆయిల్ పీల్చే జల్లెడ గొట్టాన్ని కూడా మార్చాలి. జల్లెడ అడుగుకు మరీ ఆనితే ఆయిల్ అందదు, మరీ పైన ఉంటే ఘాట్ ఎక్కేటప్పుడు ఆయిల్ వెనక్కి జారడంతో గొట్టం గాలిని పీలుస్తుంది. ఆ సందు ఎంత ఉండాలో మన షెడ్లలో కొందరు వేలు పెట్టి చెప్పగలరు. ఏ పుస్తకంలోనూ వాళ్లు దాన్ని చదవలేదు.

ఈ పనితనం ఊరికే రాలేదు. సాలూరు లారీల ఊరు. విజయనగరం నుంచి కొరాపుట్, జగదల్‌పూర్ మీదుగా రాయ్‌పూర్ పోయే రహదారిలో, ఘాట్ మొదలయ్యే ముందు వచ్చే ఊరది. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లినా, విజయనగరం జిల్లాలో లారీ అంటే సాలూరే అన్నంత పేరు దానిది. ఓనర్లు, డ్రైవర్లు, క్లీనర్లు, బాడీ కట్టేవాళ్లు, వెల్డర్లు, కమాను కట్టలు కట్టేవాళ్లు తరాలుగా ఆ పరిశ్రమ మీదే బతికారు. ఘాట్‌లో చెడిన బండిని ఉన్నచోటే లేపాల్సిన అవసరం వాళ్లకు చదువు నేర్పింది. శ్రీకాకుళం జిల్లాలో బుడితి ఉంది. ఇత్తడి, కంచు పాత్రలకు భౌగోళిక గుర్తింపు పొందిన ఊరు. లోహాన్ని కరిగించడం, కొట్టి రూపు తేవడం తెలిసిన చేతులు మన మధ్యే ఉన్నాయని గుర్తు చేయడానికే ఈ మాట.

కానీ షెడ్లలో ఆ తరం వయసు మీద పడుతోంది. కొత్తగా చేరే కుర్రాళ్లకు స్కానర్ పెట్టి తప్పు పట్టుకోవడం వచ్చు, అదీ ఈ రోజుల్లో కావలసిన విద్యే. అంబాసిడర్ చాంబర్ అంచును దీపం పెట్టి చూడడం వాళ్లకు నేర్పడానికి అంబాసిడర్లే రావడం లేదు. మరోపక్క 2021 ఆగస్టులో మొదలైన తుక్కు విధానం కింద పాత బండ్లు వెళ్లిపోతున్నాయి. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ పొడిగింపు లేదు. సొంత కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్‌లో ఒక్కసారిగా 600 నుంచి 5,000 రూపాయలైంది. యాభై ఏళ్లు దాటిన బండికి వింటేజ్ హోదా ఉంది. ముప్పై ఏళ్ల అంబాసిడర్‌కు ఆ గౌరవమూ లేదు, కొత్త బండికి దొరికే విడిభాగాలూ లేవు. పొగ తగ్గాలి, ప్రమాదాలు తగ్గాలి, కాలం చెల్లిన బండి రోడ్డు దిగాలి. ఆ విధానంతో మాకు పేచీ లేదు. అయితే తుక్కుకు పోయే ప్రతి అంబాసిడర్ కింద ఒక చాంబర్ ఉంటుంది, అది కూడా మిగతా ఇనుముతో పాటు కిలోల లెక్కన కరిగిపోతోంది. బాధ అక్కడే.

చేయదగ్గ పనులు పెద్దవేమీ కావు. విజయనగరంలో, రాజాంలో, శ్రీకాకుళంలో ఇంజనీరింగ్ కాలేజీలు, పాలిటెక్నిక్‌లు, ఐటీఐలు ఉన్నాయి. మెకానికల్ విద్యార్థులు ఏటా ప్రాజెక్టుల కోసం అంశాలు వెతుక్కుంటారు. ఒక బ్యాచ్ ఒక షెడ్డుకు వెళ్లి, అంబాసిడర్ చాంబర్‌ను, పాత జీపు చాంబర్‌ను అంచు నుంచి అడుగు దాకా కొలిచి, రంధ్రాల దూరాలతో, రేకు మందంతో కాగితం మీద గీయొచ్చు. కొలతలు ఉంటే రేకు వంచి వెల్డింగ్ చేసే షాపు కొత్త చాంబర్‌ను చేయగలదు. లోపలి గొట్టం గురించి, సందు గురించి పెద్ద మెకానిక్ దగ్గర కూర్చుని రాసుకుంటే ఆయన విద్య ఆయనతో పోదు. చదువుకున్న పిల్లలకూ సుత్తి పట్టిన చేతుల మీద గౌరవం పెరుగుతుంది.

ఇంట్లో పాత అంబాసిడర్‌నో, జీపునో తుక్కుకు ఇవ్వాలని నిర్ణయించుకున్న పాఠకులకు ఒక విన్నపం. ఇచ్చే ముందు మీ ఊరి మెకానిక్‌కు ఒక్క ఫోన్ చేయండి. చాంబర్, ఆయిల్ పంపు, రాకర్ కవరు, మంచిగా ఉన్న మరో నాలుగు భాగాలు అతను విప్పుకుంటాడు. తుక్కు బరువులో మీకు తగ్గేది కొద్ది కిలోలే. పార్వతీపురంలోనో, పాలకొండలోనో జాకీల మీద ఆగి ఉన్న మరో బండి వాటితో కదులుతుంది.