వెళ్ళిపోయినవాళ్ళు అడిగే ప్రశ్న

క్రిందటేడు ఒక మిత్రుని ఇంట భోజనాల దగ్గర మాటలు అమెరికా ఎన్నికల మీదుగా అప్పలాచియా కొండల్లోని బొగ్గు ఊళ్ళ మీదికి మళ్ళాయి. "పనుల్లేవని అక్కడే కూర్చుని ఏడవడమెందుకండీ? పని ఉన్నచోటికి వెళ్ళొచ్చుగా! మనం రాలేదూ?" అన్నారొక పెద్దమనిషి. అందరితోపాటు నేనూ తల ఊపాను. ఇంటికి వచ్చాక ఆ తల ఊపడమే నన్ను చాలా రోజులు బాధించింది. నేను పుట్టింది ఇల్లందులో. పాతవాళ్ళు బొగ్గుట్ట అని పిలుచుకునే ఊరు. మా నాన్నగారు సింగరేణి గనిలో తట్టా చెమ్మస్ పని చేసి నన్ను చదివించారు. ఆ ప్రశ్నకు తల ఊపే హక్కు నాకున్నదా అని ఆలోచిస్తూ, వెస్ట్ వర్జీనియా రాష్ట్రపు దక్షిణపు కొసన ఉన్న మెక్‌డోవెల్ కౌంటీ చరిత్ర చదివాను. ఈ టపా ఆ చదువు ఫలితం.

1880లో ఆ కౌంటీ జనాభా మూడువేల చిల్లర. ఆ దశకంలోనే నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైలుమార్గం కొండల్లోకి చొచ్చుకువచ్చింది. పోకహాంటస్ పొరలోని బొగ్గు ఉక్కు కొలుములకూ, యుద్ధనౌకలకూ శ్రేష్ఠమైనదని పేరుపడింది. దక్షిణాది నుంచి నల్లజాతివారు, ఇటలీ, హంగేరీ, పోలండ్‌ల నుంచి వలసకూలీలు వచ్చి చేరారు. ఇల్లు కంపెనీది, కొట్టు కంపెనీది, చాలాచోట్ల జీతంగా ఇచ్చే బిళ్ళ సైతం కంపెనీదే. సంఘం పెట్టుకోవాలంటే ప్రాణం ఒడ్డవలసిందే. 1921 ఆగస్టు 1న కార్మికుల పక్షాన నిలిచిన పోలీసు అధికారి సిడ్ హాట్‌ఫీల్డ్‌ను, అతని మిత్రుడు ఎడ్ చేంబర్స్‌ను కౌంటీ ముఖ్యపట్టణం వెల్చ్‌లో, న్యాయస్థానపు మెట్లమీదే కాల్చి చంపారు. ఆ నెలాఖరున వేలాది గని కార్మికులు తుపాకులు పట్టి బ్లెయిర్ మౌంటెన్ వైపు నడిచారంటే ఆ కోపం వెనుక ఈ మెట్లున్నాయి.

1950 నాటికి జనాభా 98,887. సరిగ్గా ఆ ఏడే కార్మిక నాయకుడు జాన్ ఎల్. లూయిస్ యజమానులతో ఒప్పందం చేసుకున్నాడు. గనుల్లోకి యంత్రాలు వస్తే సంఘం అడ్డుపడదు. బదులుగా తవ్విన ప్రతి టన్నుకూ కొంత సొమ్ము కార్మికుల సంక్షేమ నిధికి చేరుతుంది. ఆ నిధి వైద్యశాలలు కట్టించింది, పింఛన్లు ఇచ్చింది. కాని యంత్రం ఎందరో మనుషుల పనిని తానొక్కటే చేసింది. పదేళ్ళలో జనాభా 71,359కి దిగింది. 1960లో ఓట్లడగడానికి వచ్చిన కెన్నెడీ ఆ ఆకలిని కళ్ళారా చూశాడు. అధ్యక్షుడయ్యాక, 1961 మే 29న, ఆధునిక ఫుడ్ స్టాంపుల పథకంలో మొట్టమొదటి కూపన్లు వెల్చ్ పట్టణంలోనే, పదముగ్గురు పిల్లలున్న ఒక నిరుద్యోగ కార్మికుని చేతికి అందాయి. దేశపు కొలుములకు నిప్పునిచ్చిన చోటనే పొయ్యి వెలగని ఇళ్ళకు కూపన్లు పంచవలసివచ్చింది!

1980లలో ఉక్కు పరిశ్రమ కుప్పకూలినప్పుడు గ్యారీ చుట్టుపక్కల గనులు మూతపడ్డాయి. ఆ దశకంలో జనాభా 49,899 నుంచి 35,233కు పడిపోయింది. 2001లో, 2002లో వరదలు వచ్చాయి. 2016లో వాల్‌మార్ట్ కూడా దుకాణం కట్టేసింది. 2020 లెక్కల్లో మిగిలినవారు 19,111 మంది. 2025 ఫిబ్రవరిలో మళ్ళీ వరద.

ఇప్పుడు ఆ పెద్దమనిషి ప్రశ్న మరొక్కసారి చూడండి. "ఎందుకు వెళ్ళరు?" వెళ్ళారండీ! ప్రతి అయిదుగురికి నలుగురి చొప్పున జనం తగ్గిపోయారు. ఇంతకంటె ఎంత వెళ్ళాలి? ఆ కౌంటీలోని కోల్‌వుడ్ నుంచి రాకెట్లు ఎగరేస్తూ నాసా దాకా వెళ్ళిన హోమర్ హికమ్ కథను 1999లో 'అక్టోబర్ స్కై' సినిమాగా మనం మెచ్చుకుంటూ చూశాము. ఊరు దాటినవాడి కథ కనుక మనకు నచ్చింది. మిగిలినవారిలో అమ్ముదామన్నా కొనేవాడు లేని ఇంటివారున్నారు, దుమ్ము పట్టిన ఊపిరితిత్తులతో ప్రయాణం చేయలేని ముసలివారున్నారు, వారిని చూసుకునేందుకు ఆగినవారున్నారు. వారిని సోమరులనడం అన్యాయం.

నా అభిప్రాయంలో అడగవలసిన ప్రశ్న వేరు. మనుషులకంటె ముందు బొగ్గు వెళ్ళింది, దానితో లాభమూ వెళ్ళింది, వాటినెందుకు వెళ్ళనిచ్చారు? అప్పలాచియా భూములెవరివని పరిశోధకులు 1980 ప్రాంతాల రికార్డులు తిరగేస్తే, అధికభాగం ఎక్కడో ఉన్న కంపెనీల పేరనే తేలాయి. ఆ భూములు కట్టే పన్ను మాత్రం స్వల్పం. బడికీ, రోడ్డుకూ, మరో పరిశ్రమకూ పెట్టుబడి కావలసిన సొమ్ము రైలెక్కిపోయింది.

సింగరేణి ప్రభుత్వరంగ సంస్థ. పోలిక పూర్తిగా కుదరదని ఒప్పుకుంటాను. అయినా 1990ల ఆరంభంలో లక్ష దాటిన కార్మికులు ఇవాళ సుమారు నలభై వేలు, తవ్వే బొగ్గేమో అప్పటికంటె ఎక్కువ. 2015లో మన దేశపు గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధులు ఏర్పరిచారు. గని ఉన్న జిల్లాకు కొంత సొమ్ము దక్కాలని. ఆ సొమ్ము బొగ్గు ఉన్నన్నాళ్ళే వస్తుంది. అది తరవాతి తరానికి పనికివచ్చే పనులకు ఖర్చవుతున్నదా అని అడగవలసినవాళ్ళలో ఊరు విడిచిన మనమూ ఉన్నాము.

నాన్నగారిని ఇక్కడికి వచ్చేయమని ఎన్నిసార్లు బతిమాలానో లెక్కలేదు. రానంటారు. ఇన్నాళ్ళూ దాన్ని మొండితనమనే అనుకున్నాను. కొత్తగూడెం, గోదావరిఖని, బెల్లంపల్లి వైపు మిత్రులెవరైనా ఇది చదివితే, మీ ఇళ్ళలో సంగతులేమిటో వ్రాయండి.