గ్రహణాలకూ ఇంటిపేర్లుంటాయి

చంద్రగ్రహణం రాబోతున్నదనగానే మన వార్తాఛానెళ్లకు ఒక విశేషణం దొరుకుతుంది: 'అరుదైన'. నూటయాభై ఏళ్లకొకసారి అని ఒకరు, శతాబ్దికి ఒక్కటే అని మరొకరు. ఆ వెంటనే ఏ రాశివారు ఏమి చేయరాదో, గర్భవతులు ఏ గదిలో కూర్చోవాలో తేల్చే చర్చ మొదలవుతుంది. అరుదు అంటే వింత, వింత అంటే భయం, భయం ఉన్నంతసేపు ప్రేక్షకుడు రిమోటు ముట్టుకోడు. అది వారి వ్యాపారం. నా అభ్యంతరం ముందుగా ఆ విశేషణం మీద. ముప్ఫై అయిదేళ్లు పిల్లలకు విశేషణ విశేష్యాలు చెప్పినవాడిని కనుక, విశేష్యానికి పొసగని విశేషణం చెవిన పడితే ఊరుకోలేను.

మిత్రులారా, చంద్రగ్రహణం ఎక్కడినుండో ఊడిపడే ఉత్పాతం కాదు. దానికి ఒక వంశం ఉన్నది, ఆ వంశానికి ఒక సంఖ్య ఉన్నది. అన్నదమ్ములు ఎప్పుడు వచ్చి వెళ్లారో, రాబోయేవారు ఎప్పుడు వస్తారో లెక్క ఉన్నది. ఆ లెక్క మనం పిల్లలకు చెప్పడం మానివేశాము. భయాన్ని మాత్రం జాగ్రత్తగా అందిస్తున్నాము. ఈ టపాలో నేను చెప్పదలచినది ఇంతే.

ముందు ఆ 'నూటయాభై ఏళ్ల' సంగతి చూద్దాం. 2018 జనవరి 31న సంపూర్ణ చంద్రగ్రహణం వచ్చినప్పుడు 'సూపర్ బ్లూ బ్లడ్ మూన్' అనీ, 152 ఏళ్ల తరువాత వచ్చినదనీ మారుమ్రోగించారు. 1866 మార్చి 31 తరువాత అటువంటిది రాలేదన్న మాట అమెరికా ఖండాల వారికి నిజమే. ఆసియా వారికి 1982 డిసెంబరు 30ననే వచ్చింది. అమెరికావారి లెక్కను మనవారు ఎత్తివ్రాశారు, అంతే. పైగా ఆ 'బ్లూ మూన్' అన్నది ఒకే ఇంగ్లీషు నెలలో వచ్చే రెండవ పున్నమి. మన చాంద్రమానంలో నెలకు ఒక్కటే పున్నమి. అధికమాసం వచ్చినా దాని పున్నమి దానిదే. మన క్యాలెండరులో పుట్టే అవకాశమే లేని వింతకు మన జ్యోతిష్కులు దోషపరిహారాలు చెప్పారు!

ఇక వంశం సంగతి. పున్నమి ప్రతి నెలా వస్తుంది, గ్రహణం రాదు. చంద్రుని దారి సూర్యుని దారితో సుమారు 5 డిగ్రీలు వాలి ఉన్నది. ఆ రెండు దారులు ఖండించుకొనే బిందువులను మన సిద్ధాంతగ్రంథాలు పాతములన్నాయి. పురాణ పరిభాషలో రాహుకేతువులు. పున్నమినాటి చంద్రుడు పాతానికి చేరువలో ఉంటేనే భూమి నీడలో పడతాడు. అంటే రెండు గడియారాలు ఒకేసారి గంట కొట్టాలి. ఒకటి పున్నమినుండి పున్నమికి పట్టే 29.5306 రోజులు. రెండవది చంద్రుడు రాహువునుండి బయలుదేరి మళ్లీ రాహువును చేరడానికి పట్టే 27.2122 రోజులు. మూడవ గడియారం కూడా ఒకటున్నది. చంద్రుడు భూమికి మిక్కిలి దగ్గరగా వచ్చే నీచస్థానంనుండి మళ్లీ నీచకు రావడానికి 27.5546 రోజులు. గ్రహణం ఎంతసేపు ఉంటుందన్నది దీనిని కూడా బట్టి ఉంటుంది.

ఇప్పుడు కాగితం మీద గుణించి చూడండి. 223 చాంద్రమాసాలు 6,585.32 రోజులు. 242 రాహుప్రదక్షిణలు 6,585.36 రోజులు. 239 నీచప్రదక్షిణలు 6,585.54 రోజులు. మూడు గడియారాలూ ఇంచుమించు ఒకేచోటికి వచ్చాయి! సంవత్సరాలలో చెబితే 18 ఏళ్ల 11 రోజుల 8 గంటలు (నడుమ వచ్చే లీపు సంవత్సరాలను బట్టి ఒక రోజు అటూ ఇటూ). ఈనాడు గ్రహణం వచ్చిందంటే, ఈ కాలం గడిచాక దాదాపు అదే పోలికతో మరొకటి వచ్చి తీరుతుంది. దీనినే సారోస్ చక్రం అంటారు. ఒక సారోస్ అంతరంతో ఒకదాని వెంట ఒకటి వచ్చే గ్రహణాలన్నీ ఒక కుటుంబం. ఈ కుటుంబాలకు సంఖ్యలు పెట్టినవాడు డచ్చి దేశీయుడైన జార్జ్ వాన్ డెన్ బెర్గ్. ఆయన వృత్తి న్యాయశాస్త్ర అధ్యాపకత్వం. గ్రహణాలు ఆయన అభిరుచి. 1955లో ఆయన ప్రతిపాదించిన సంఖ్యలనే నేటికీ శాస్త్రజ్ఞులు వాడుతున్నారు.

129వ కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకొందాం. దీని తొలి సంతానం 1351లో పుట్టింది. అద్దంకి రెడ్డిరాజుల కాలమది. అప్పుడు చంద్రుడు భూమి ఉపచ్ఛాయ అంచును తాకీ తాకనట్లు పోయాడు. లోకంలో ఎవరూ గమనించి ఉండరు. ప్రతి 18 ఏళ్లకూ కొంచెం కొంచెంగా నీడ లోపలికి జరుగుతూ 1910 నాటికి ఆ కుటుంబం సంపూర్ణ గ్రహణాలకు ఎదిగింది. 2090 వరకు మొత్తం 11 సంపూర్ణ గ్రహణాలు. ఆ తరువాత నీడ రెండవ అంచు వైపు జరిగి, క్షీణించి, 2613లో 71వ గ్రహణంతో వంశం ముగుస్తుంది. 223 పున్నముల లెక్కకూ 242 రాహుప్రదక్షిణల లెక్కకూ సుమారు 52 నిమిషాల తేడా ఉన్నదే, ఆ తేడాయే ఈ జననమరణాలకు కారణం. లెక్క అచ్చంగా సరిపోయి ఉంటే వంశానికి పుట్టుకా ఉండేది కాదు, అంతమూ ఉండేది కాదు. ఇటువంటి కుటుంబాలు సుమారు నలభై ఏకకాలంలో నడుస్తున్నాయి. ఒక్కొక్కటి 12 నుండి 15 శతాబ్దులు బ్రతుకుతుంది.

2018 జూలై 27 అర్ధరాత్రి మనం చూసిన 103 నిమిషాల సంపూర్ణ గ్రహణం ఈ 129వ ఇంటిదే. 'శతాబ్దంలోకెల్లా దీర్ఘమైనది' అన్నారు. తప్పు కాదు. కాని 2000 జూలై 16న వచ్చిన దాని అన్నగారు 106 నిమిషాలు నిలిచారు. ఆనాడు మన ప్రాంతంలో చంద్రుడు గ్రస్తుడై ఉదయించాడు. అన్నదమ్ముల నడుమ శతాబ్దం గీత పడింది కనుక తమ్ముడికి బిరుదు దక్కింది! ఇద్దరూ వ్యాసపూర్ణిమనాడే వచ్చారు. గురుపూజ చేసుకొనే రోజున వచ్చిన ఆ ఇద్దరి చుట్టరికాన్ని ఏ గురువూ చెప్పకపోవడం నాకు వెలితిగా తోచింది.

మరి ఒకే ఊరివారికి అన్నీ ఎందుకు కనబడవు? ఆ చివరి 8 గంటలే అడ్డం. అంతసేపట్లో భూమి మూడవ వంతు తిరిగిపోతుంది. మనకు రాత్రి కనబడిన గ్రహణం తాలూకు తమ్ముడు మనకు పగటివేళ వస్తాడు. ఆ తరువాతి వాడూ అంతే. మూడు సారోస్‌లు గడిస్తే 24 గంటలు పూర్తయి మళ్లీ మన ఆకాశంలోకి వస్తాడు. అది 54 ఏళ్లు, ఒక నెల పైచిలుకు. గంటో గంటన్నరో తేడా ఉంటుంది. షష్టిపూర్తి చేసుకొన్న మనిషి ఒక ఇంటి గ్రహణాన్ని తన ఊరినుండి బాగా చూడగలిగేది ఒకటి రెండు సార్లే.

1971 ఆగస్టు 6, శ్రావణ పూర్ణిమ. విరోధికృత్ నామ సంవత్సరం. నాకు పదకొండేళ్లు. మా తాతగారు పంచాంగంలోని స్పర్శకాలాన్ని గోడగడియారంతో సరిచూసి, తేడాను పెన్సిలుతో అంచున వ్రాసుకొన్నారు. పట్టుస్నానం, విడుపుస్నానం అన్నీ చేశారు. జపమూ చేసుకొన్నారు. కాని ఆయన ముఖంలో భయం చూసిన గుర్తు లేదు. లెక్క కుదిరిందా లేదా అన్న ఆత్రమే గుర్తు. ఆ 128వ ఇంటి గ్రహణమే 2025 సెప్టెంబరు 7న, విశ్వావసు నామ సంవత్సర భాద్రపద పూర్ణిమనాడు తిరిగి వచ్చింది. నడుమ 1989లోనూ 2007లోనూ వచ్చిన రెండూ మా ఊరికి దక్కలేదు. 1971లో నాకున్న వయసు 2025లో నా మనుమడిది. ఇక ఆ ఇంటివారు మన రాత్రివేళ వచ్చేది 2079 అక్టోబరు 10న. అప్పటికి వాడిది నా వయసు.

ఇక్కడ మనవారిలో మరొక పక్షాన్ని కూడా పలుకరించాలి. 'సారోసా? మన ఋషులకు ఎప్పుడో తెలుసు' అనేవారు ఉన్నారు. నాకు మన శాస్త్రాలపై గౌరవం తక్కువ లేదు. కనుకనే నిజం చెప్పాలి. ఈ చక్రాన్ని పట్టుకొన్నవారు బాబిలోనియా గణకులు. వందల ఏళ్ల పాటు గ్రహణాలను మట్టిపలకల మీద విసుగులేకుండా నమోదు చేసి, ఆ పట్టికల్లో పునరావృత్తిని కనిపెట్టారు. మన సిద్ధాంతకారులది వేరొక మార్గం. సూర్యుడు, చంద్రుడు, పాతం, ఉచ్చ వీటి గతులను గణించి, శరమెంతో, భూచ్ఛాయ వ్యాసమెంతో కట్టి, స్పర్శ, నిమీలన, మధ్య, ఉన్మీలన, మోక్షకాలాలను రాబట్టడం. భూమి నీడే గ్రహణకారణమని ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటికే చెప్పాడు. సూర్యసిద్ధాంతంలో చంద్రగ్రహణానికి ప్రత్యేకంగా ఒక అధికారమే ఉన్నది. వారు వంశచరిత్ర చూసి చెప్పారు, మనవారు జాతకం కట్టి చెప్పారు అనుకోవచ్చు. రెండూ గొప్పవే. ఒకరిది మరొకరికి అంటగట్టనక్కరలేదు.

మన మార్గం ఎంతకాలం సజీవంగా నడిచిందో చెప్పడానికి ఒక ముచ్చట. జాన్ వారెన్ అనే అధికారి 1825లో 'కాలసంకలిత' అనే గ్రంథం ప్రకటించాడు. పుదుచ్చేరి ప్రాంతపు ఒక పంచాంగకర్త నేలమీద గవ్వలు పేర్చి, పుస్తకం ముట్టుకోకుండా, సంకేతపదాలలో కంఠస్థం చేసిన పట్టికల సాయంతో ఆ ఏడు మే 31, జూన్ 1 నడిరాత్రి చంద్రగ్రహణాన్ని లెక్కకట్టిన వైనం అందులో ఉన్నది. గ్రహణారంభంలో తేడా 4 నిమిషాలు, మధ్యకాలంలో 23, మోక్షంలో 52. ఆ తేడాలను నేను దాచను. చేతిలో గవ్వలు, నోటిలో పదాలు తప్ప మరేమీ లేని మనిషి అంత దగ్గరగా చెప్పగలిగాడు, అదీ మన వారసత్వం. ఆ గవ్వలు పోయాయి. గ్రహణం వేళ వంటపాత్రల మీద వేసే దర్భలు మాత్రం మిగిలాయి. దర్భ వేయవద్దని నేననను. గవ్వలు కూడా ఉండాలంటాను.

ఎందుకింత పట్టుదల అంటారా? లెక్క ఒకరి చేతిలో, భయం మరొకరి చేతిలో ఉంటే ఏమవుతుందో చరిత్ర చూపించింది. 1504 ఫిబ్రవరి 29న జమైకా తీరంలో చిక్కుపడిన కొలంబస్‌కు స్థానికులు ఆహారం ఇవ్వడం మానివేశారు. అతని దగ్గర రెజియోమొంటానస్ అనే జర్మన్ గణకుడు కట్టిన పంచాంగం ఉన్నది. ఆ రాత్రి చంద్రగ్రహణమని అందులో చూసి, 'మా దేవుడు మీపై ఆగ్రహించాడు, చంద్రుణ్ణి చూడండి' అని బెదిరించాడు. చంద్రుడు ఎర్రబడగానే ఆ అమాయకులు కాళ్లమీద పడి ఆహారం మోసుకొచ్చారు. చంద్రుడు ఎవరి పక్షమూ వహించలేదు. పంచాంగం ఎవరి సంచిలో ఉన్నదన్నదే తేడా. ఈనాడు స్టూడియోలో కూర్చొని గర్భిణిని బెదిరించే పెద్దమనిషికీ ఆనాటి కొలంబస్‌కూ నాకు తేడా కనబడదు. ఆమె ఆ పూట ఆకలితో, దాహంతో, ఉక్కపోతలో తలుపులు మూసుకొని పడి ఉంటుంది. ఆ పూట ఎప్పుడు వస్తుందో శతాబ్దాల ముందే తెలిసిన లోకంలో ఈ శిక్ష ఎందుకు?

మన పూర్వులకు గ్రహణం దానకాలం కూడా. సోమగ్రహణ పుణ్యకాలాన భూమి దానమిచ్చినట్లు చెప్పే శాసనాలు తెలుగునాట ఉన్నాయి. ఈనాడు చరిత్రకారులు గ్రహణాన్ని వెనక్కి గణించి ఆ శాసనాల తేదీలను సరిచూసుకొంటున్నారు. అంటే గ్రహణం కాలానికి సాక్షి. సాక్షిని చూసి భయపడవలసినవాడు ఎవరో మీకు తెలుసు!

నా కోరికలు రెండే. పంచాంగకర్తలు స్పర్శమోక్షకాలాల పక్కన ఒక్క పంక్తి చేర్చాలి: ఈ గ్రహణపు అన్నగారు 18 ఏళ్ల కిందట ఏనాడు వచ్చారు, 54 ఏళ్ల కిందట మన ఆకాశంలో ఏనాడు కనబడ్డారు అని. రెండవది ఉపాధ్యాయ మిత్రులకు. గోళాల బొమ్మ గీసి నీడ ఎలా పడుతుందో చెప్పి ఆపకండి, మళ్లీ ఎప్పుడు పడుతుందో పిల్లలచేతనే లెక్క కట్టించండి. సంఖ్య గుర్తుండడానికి మన భూతసంఖ్యలున్నాయి. 'రామనేత్రభుజ' అనుకోమనండి. రాములు 3, నేత్రాలు 2, భుజాలు 2, అంకెలు కుడినుండి ఎడమకు నడుస్తాయి కనుక 223. ఆ ఒక్క మాట నోట ఉన్న పిల్లవాణ్ణి ఏ ఛానెలూ భయపెట్టలేదు.

ఒక అభ్యాసం మీకూ ఇస్తున్నాను. 1974 నవంబరు 29, కార్తీక పౌర్ణమి. రాత్రి సుమారు 8:45కు సంపూర్ణ గ్రహణ మధ్యకాలం. అది 125వ ఇంటిది. 54 ఏళ్ల 32 రోజులు కలపండి. 2028 డిసెంబరు 31 వస్తుంది. ఆ రాత్రి సుమారు 10:20కి అదే ఇంటి గ్రహణం మన ఆకాశంలో నిండుగా ఉంటుంది. లోకమంతా కొత్త సంవత్సరం కోసం మేలుకొని ఉండే రాత్రి కనుక నిద్ర చెడుతుందన్న బాధ లేదు. ఆనాటి కార్తీక దీపాల వేళ చీకటిపడిన చంద్రుణ్ణి చూసినవారు మీ ఇళ్లలో ఉంటే అడిగి, వారు చెప్పినది ఇక్కడ వ్యాఖ్యగా వ్రాయగలరు. ఆ ఇంటివారు తిరిగి వచ్చేనాటికి మన దగ్గర వారి గురించి నాలుగు మాటలైనా నమోదై ఉండాలి.