ముఖం కదలని నటుడు

ఏడుపు సీనులో హీరోయిన్‌కి గ్లిజరిన్ ఉంది. కెమెరామన్ దయతలిస్తే పెద్ద క్లోజప్పూ ఉంది. మరి రోబో గతేమిటి? కనుబొమ్మ ఎగరదు, పెదవి వణకదు, కన్నీటిచుక్క రాలదు. అయినా మనచేత 'అయ్యో పాపం' అనిపిస్తుంది. ఎలాగంటారా?

1977లో వచ్చిన 'స్టార్ వార్స్'లో బంగారురంగు రోబో త్రీపీఓని గుర్తు తెచ్చుకోండి. దాని ముఖం ఒట్టి తొడుగు. లోపలున్నది ఆంథోనీ డేనియల్స్ అనే బ్రిటిష్ నటుడు. గొంతూ ఆయనదే అనుకోండి, కానీ సౌండు తీసేసి చూసినా దాని కంగారు తెలిసిపోతుంది. మోచేతులు మడిచి, పొట్టిపొట్టి అడుగులేస్తూ పిరికితనాన్ని ఎంత బాగా పండించాడని!

ఇది మనకి కొత్తేం కాదు సుమా! తోలుబొమ్మలాటలో సీతమ్మ ముఖాన గీసిన గీత మారదు. ఆడించేవాడు బొమ్మని కాస్త వంచి, చెయ్యి మెల్లగా దించితే చాలు, చూసేవాళ్ల గుండె బరువెక్కుతుంది. నాట్యశాస్త్రం ఆంగికాభినయమన్నది ఈ ఒంటి భాషనే.

శంకర్ తీసిన 'రోబో' (2010)లో చిట్టికి రజనీకాంత్ ముఖం అరువు దొరికింది. ఫ్రాన్సులో పుట్టిన నావోకి ఆ అదృష్టమూ లేదు. ఇది సినిమా బొమ్మ కాదు, నిజం రోబో. ఎత్తు 58 సెంటీమీటర్లు. ముఖంలో కదిలే భాగమే లేదు. 2010 ప్రాంతంలో పరిశోధకులు దీని భంగిమలు చూపించి, ఏ భావమో చెప్పమని జనాన్ని అడిగారు. తల పైకెత్తితే గర్వం, సంతోషం ఇట్టే పోల్చుకున్నారట. కిందికి దించితే కోపం, దుఃఖం బాగా తెలిశాయట. ఒక్క మెడ ఎంత పని చేసిందో చూశారా!

అయితే మిత్రులారా, ఒక్కమాట. తల దించిన నావో లోపల దుఃఖం లేదు, మోటార్లున్నాయి. బాధపడేది మనమే. సినిమాలో మోసపోవడానికి మనమే టికెట్టు కొనుక్కుని మరీ వెళ్తాం, దీపాలు వెలగ్గానే బయటికొచ్చేస్తాం. రేపు ఇలాంటి బొమ్మ ఒంటరి తాతగారి పక్కనో, పసిపిల్ల పక్కనో కూర్చుని దిగులుగా తల వంచితే? అక్కడ దీపాలు వెలగవు. ఆ తల ఎవరు వంచమంటే వంగింది, ఎవరి లాభానికి వంగింది అని మనం అడిగి తీరాలి.

అన్నట్టు, ఈసారి సినిమాకెళ్తే క్లోజప్పు కోసమే కాచుకోకండి. మీ అభిమాన హీరో వెనక్కి తిరిగి నిలబడ్డప్పుడు అతని భుజాలు చూడండి. అక్కడా బాధ కనిపించిందా, ఈల వెయ్యండి!