వారానికొక సూదిమందు: తొందరపడక ముందు తెలిసికొందము



ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో ఈ మధ్య ఒకే సంగతి మాటిమాటికి కనబడుచున్నది. ఒక తల్లి ఇలా వ్రాసినది: "మా అమ్మాయికి ఇరవై నాలుగేళ్లు. పెళ్లయి మూడేళ్లయినది. రెండు మూడు నెలలకొకసారి గాని నెలసరి రాదు. స్కానింగు తీసి నీటి బుడగలున్నవి, బరువు తగ్గాలి అన్నారు. హైదరాబాదులో మా బంధువుల అమ్మాయి వారానికొక ఇంజెక్షన్ వేసికొని బాగా సన్నబడినది. గొలుసు తాకట్టు పెట్టి అయినా మా పిల్లకు వేయించమంటారా, అయ్యగారూ?" ఒక భర్త, ఇంట్లో తన తల్లి కోడలిని రోజూ అనే మాటలు వినలేకున్నానని వ్రాసినాడు. మరొక సహోదరి, "ఇట్టి మందు వాడితే ప్రార్థన మీద నమ్మకం లేనట్టేనా?" అని అడిగినది.

మేము వైద్యులము కాము. ఏ మందు ఎవరికి ఎంత అనేది చెప్పవలసినది డాక్టరే. అయినా ఆ డాక్టరు దగ్గరకు వెళ్లే ముందు ఒక కుటుంబము తెలిసికొనవలసిన సంగతులు కొన్ని ఉన్నవి. వాటినే ఈ నెల మీ ముందు ఉంచుచున్నాము.

ఈ జబ్బు ఏమిటి?

దీని పేరు పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్. పొట్టిగా పి.సి.ఓ.ఎస్. అంటారు. మన ఊళ్లలో పి.సి.ఓ.డి. అనీ, నీటి బుడగలు అనీ అంటారు. 1935లో అమెరికాలోని షికాగో నగరంలో స్టెయిన్, లెవెంథాల్ అనే ఇద్దరు వైద్యులు ఏడుగురు స్త్రీలలో ఈ లక్షణాలను చూచి లోకానికి వివరించిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం బిడ్డలను కనే వయస్సులో ఉన్న స్త్రీలలో నూటికి 10 నుండి 13 మందికి ఇది ఉన్నది. వారిలో చాలామందికి తమకు ఈ జబ్బు ఉన్నదని కూడా తెలియదు. మన సంఘములో ఆదివారం స్త్రీల వైపు కూర్చున్నవారిని ఒకసారి తలంచుకొనండి. ఇది ఎవరో ఒకరి ఇంటి కథ కాదు.

స్కానింగులో కనబడే ఆ బుడగలు గడ్డలు కావు. సగం ఎదిగి ఆగిపోయిన అండాల చిన్న సంచులు. వైద్యులు మూడు గుర్తులు చూస్తారు. నెలసరి క్రమం తప్పుట, మగ హార్మోను ఎక్కువై ముఖము మీద వెంట్రుకలు, మొటిమలు వచ్చుట లేక రక్తపరీక్షలో ఆ హార్మోను ఎక్కువగా కనబడుట, స్కానింగులో బుడగలు కనబడుట. ఇతర జబ్బులు లేవని చూచుకొని, ఈ మూడింటిలో రెండు ఉంటే ఈ జబ్బు అంటారు. రజస్వల అయి ఎనిమిదేళ్లు నిండని ఆడపిల్లల విషయంలో స్కానింగును బట్టి నిర్ణయించరాదు. ఆ వయస్సులో అట్టి బుడగలు ఆరోగ్యవంతులకు కూడా కనబడుతాయి.

దీని వేరు చాలామందిలో ఇన్సులిన్‌లో ఉన్నది. తిన్న అన్నంలోని చక్కెరను ఒంట్లోని కణాలకు చేర్చే పని ఇన్సులిన్‌ది. చేలోకి పోయే తూము పూడిపోతే కాలువలో నీరు పెరిగి గట్టు మీదికి వచ్చినట్టు, కణాలు ఇన్సులిన్ మాట వినకపోతే రక్తంలో ఇన్సులిన్ పెరుగుతుంది. అది అండాశయాల చేత మగ హార్మోనును ఎక్కువగా తయారు చేయిస్తుంది. దానితో అండము పక్వానికి రాదు, నెలసరి వాయిదా పడుతుంది. బరువు పెరిగితే ఇది ఇంకా ఎక్కువవుతుంది. ఈ జబ్బు ఉన్నవారికి బరువు తగ్గుట కూడా కష్టమే. గనుక "తిని కూర్చున్నది, అందుకే లావైనది" అనే మాట సత్యము కాదు. తల్లిదండ్రుల నుండి వచ్చే గుణము కూడా ఇందులో ఉన్నది.

ఈ సూదిమందు ఏమిటి?

మనము భోజనము చేసినప్పుడు పేగులు జి.ఎల్.పి.-1 అనే హార్మోనును విడుదల చేస్తాయి. కడుపు నిండినదని మెదడుకు కబురు చెప్పేది అదే. కాని అది కొద్ది నిమిషాలలోనే కరిగిపోతుంది. 1992లో జాన్ ఎంగ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు, గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లిలో దానివంటిదే, ఎక్కువసేపు నిలిచేది, ఒక పదార్థమును కనుగొన్న సంగతి ప్రకటించెను. దాని ఆధారంగా 2005లో షుగరు రోగులకు మొదటి మందు వచ్చెను. తరువాత వారానికొకసారి వేసికొనే సెమాగ్లూటైడ్ వచ్చినది. అమెరికాలో దానిని 2017లో షుగరుకు, 2021లో బరువు తగ్గుటకు అనుమతించిరి. రెండు హార్మోనుల పని చేసే టిర్జెపటైడ్‌ను 2022లో షుగరుకు, 2023లో బరువుకు అనుమతించిరి. మన దేశములో 2025 మార్చిలో మౌంజారో అనే పేరుతో టిర్జెపటైడ్, జూన్‌లో వెగోవి అనే పేరుతో బరువు కొరకైన సెమాగ్లూటైడ్ అమ్మకానికి వచ్చినవి.

పొట్ట మీద గాని, తొడ మీద గాని చర్మము క్రింద సన్నని సూదితో వేసికొంటారు. ఆకలి తగ్గుతుంది, అన్నము కడుపులో ఎక్కువసేపు నిలుస్తుంది. 2021లో ప్రకటించిన ఒక పెద్ద పరిశోధనలో షుగరు లేని 1,961 మందిని 68 వారాలు గమనించిరి. సెమాగ్లూటైడ్ వాడినవారి బరువు సగటున నూటికి 14.9 వంతులు తగ్గినది. ఉత్తుత్తి సూది వేసికొన్నవారికి 2.4 వంతులే తగ్గినది. ఇరువురికీ ఆహార నియమము, వ్యాయామము చెప్పిరి. అనగా 80 కిలోల మనిషి దాదాపు 12 కిలోలు తగ్గినట్టు.

మన ఇంటి ఆడపిల్లకు ఇది పనికివస్తుందా?

కొందరికి వస్తుంది. అధిక బరువు ఉన్నవారిలో నూటికి 5 నుండి 10 వంతుల బరువు తగ్గినా చాలామందికి నెలసరి దారిలో పడుతుంది, అండము విడుదల అగుట మొదలవుతుంది. 2023లో వెలువడిన అంతర్జాతీయ వైద్య మార్గదర్శకములు, బరువు ఎక్కువగా ఉన్న పి.సి.ఓ.ఎస్. స్త్రీలకు ఆహారము, వ్యాయామములతో పాటు ఈ మందులను కూడా ఆలోచించవచ్చునని చెప్పినవి. అయితే ఈ సూదిమందులకు ఇచ్చిన అనుమతి బరువుకు, షుగరుకు గాని ప్రత్యేకముగా ఈ జబ్బుకు కాదు. సన్నగా ఉండి ఈ జబ్బు గలవారు కూడా ఉన్నారు. బరువు తగ్గించే సూది వారి కొరకైనది కాదు.

ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినవి నాలుగున్నవి.

మొదటిది, గర్భము. బిడ్డ కావాలని ఈ సూది మొదలుపెట్టేవారు దీనిని మరువకూడదు. గర్భముతో ఉండగా ఈ మందు వాడరాదు. సెమాగ్లూటైడ్‌ను గర్భము కొరకు ప్రయత్నించుటకు కనీసము రెండు నెలల ముందే ఆపవలెను. వాడుచున్నంత కాలము గర్భము రాకుండ జాగ్రత్తపడవలెను. టిర్జెపటైడ్ వాడేవారికి, మొదలుపెట్టిన తరువాతా మోతాదు పెంచిన ప్రతిసారీ నాలుగు వారాలు గర్భనిరోధక మాత్రల బలము చాలకపోవచ్చును గనుక వేరొక పద్ధతి కూడా ఉండవలెను. ఏళ్లుగా నెలసరి సరిగా లేదు, మాకెలాగూ రాదు అనుకొన్నవారికి బరువు తగ్గగానే అండము విడుదలై, మందు మీద ఉండగానే గర్భము నిలువవచ్చును. అట్లు జరిగితే భయపడక, మందు ఆపి వెంటనే డాక్టరును కలిసికొనవలెను.

రెండవది, మందు ఆపిన తరువాత సంగతి. పైన చెప్పిన పరిశోధనలోని కొందరిని మందు ఆపిన తరువాత ఒక సంవత్సరము గమనించగా, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినది. బిడ్డ కొరకు ఆపక తప్పదు గనుక, ఆ లోపల తిండి అలవాటు, నడక అలవాటు కుదరకపోతే పెట్టిన డబ్బు నీళ్లలో పోసినట్టే.

మూడవది, బాధలు. వికారము, వాంతులు, విరేచనాలు, మలబద్ధకము సామాన్యము. అందుకే తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు. కొద్దిమందికి పిత్తాశయములో రాళ్లు, క్లోమము వాపు రావచ్చును. పొట్ట పైభాగములో తగ్గని నొప్పి వచ్చి వీపులోకి పాకితే ఆలస్యము చేయరాదు. కుటుంబములో మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సరు ఉన్నవారికి ఇది ఇవ్వరు. మనలో చాలామందికి ఉండే మామూలు థైరాయిడ్ వేరు, ఇది వేరు. అయినా డాక్టరుకు అన్నీ చెప్పవలెను.

నాలుగవది, ఎవరి చేత వేయించుకొనుచున్నాము అన్నది. విదేశము నుండి బంధువు తెచ్చినదనీ, పక్కింటామె వాడగా మిగిలినదనీ, తెలిసిన ఆర్.ఎం.పి. తక్కువకు ఇస్తానన్నాడనీ వేయించుకొనవద్దు. తెరవని మందు ఫ్రిజ్‌లో 2 నుండి 8 డిగ్రీల చలిలో ఉండవలెను. ఎండలో బస్సు మీద వచ్చిన మందు ఏమైనదో ఎవరికి తెలియును?

డబ్బు సంగతి

2025లో మౌంజారో వచ్చినప్పుడు మొదటి మోతాదు వారానికి 3,500 రూపాయలు, తరువాతి మోతాదు 4,375 రూపాయలు. అనగా నెలకు 14,000 నుండి 17,500. సెమాగ్లూటైడ్ మీద మన దేశములోని పేటెంటు గడువు 2026 మార్చి వరకే గనుక, ఇతర కంపెనీలు కూడా తయారు చేసే దారి తెరుచుకొన్నది. ధర తగ్గుట మంచిదే. కాని ధర తగ్గినంత మాత్రాన మందు గుణము మారదు, జాగ్రత్త తగ్గరాదు.

గొలుసు తాకట్టు సంగతి అడిగిన తల్లికి మా మాట ఇది: అప్పు చేసి ఇక్కడ మొదలుపెట్టవద్దమ్మా. తక్కువ ఖర్చు మెట్లు ముందున్నవి. ఇన్సులిన్ పని బాగుచేసే మెట్‌ఫార్మిన్ మాత్ర ఎంతో కాలముగా ఉన్నది, చవక. బిడ్డ కావాలనుకొనేవారికి అండము విడుదల కొరకు మొదట ఇచ్చేది లెట్రజోల్ అనే మాత్ర. వీటిని డాక్టరు చెప్పినట్టు వాడి చూచి, బరువు చాలా ఎక్కువై, షుగరు కూడా తోడై ఉంటే అప్పుడు సూది సంగతి ఆలోచించవచ్చును. నడుమ ఆపవలసి వచ్చే అప్పు కంటె, చివరి వరకు నడువగల చిన్న మెట్టు మేలు.

వారానికి 150 నిమిషాలు చురుకైన నడక, అనగా రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. కంచములో అన్నము తగ్గించి పప్పు, కూర, కోడిగుడ్డు పెంచండి. టీలో పంచదార, సాయంత్రపు బజ్జీలు, సీసా పానీయాలు తగ్గించండి. ఇంట్లో ఒక్క కోడలే పథ్యము చేస్తే నిలువదు. ఇల్లంతా మారితే అందరికీ మేలు. మూడు నెలలు దాటినా నెలసరి రాకపోతే మాత్రము తప్పక చూపించుకొనవలెను. ఏళ్ల తరబడి అలా వదిలితే గర్భసంచి లోపలి పొర మందమై, క్యాన్సరుకు దారి తీయవచ్చును.

ఇంటివారికి ఒక మాట

అత్తగార్లారా, ఈ జబ్బు గల స్త్రీలలో దిగులు, ఆందోళన ఇతరులలో కంటె ఎక్కువని వైద్యులు చెప్పుచున్నారు. హన్నా సంగతి మీకు తెలిసినదే. ఆమెను ఏడ్పించినది సంతానము లేకపోవుట ఒక్కటే కాదు, ఇంట్లోని సూటిపోటి మాటలు కూడా. మీ కోడలు అన్నము మానివేసి ఏడ్చుచున్నదంటే అది పథ్యము కాదు, దుఃఖము.

భర్తలారా, సంతానము కలుగని దంపతులలో దాదాపు సగం సందర్భాలలో మగవారి వైపు కూడా కారణము ఉంటుంది. భార్యకు వేల రూపాయల సూది వేయించే ముందు మీరు ఒక వీర్యపరీక్ష చేయించుకొనండి. అందులో సిగ్గుపడవలసినది ఏమియు లేదు.

నమ్మకము సంగతి అడిగిన సహోదరీ, లూకా వైద్యుడే. అతడు వైద్యుడైనందుకు పౌలు అతనిని దూరము పెట్టలేదు, ప్రియుడని పిలిచెను. మందు వేసికొనుట అవిశ్వాసము కాదు. మందు వేసికొననివారు అవివేకులూ కారు. వేసికొన్నా, వేసికొనకపోయినా, బిడ్డ కలిగినా, కలుగకపోయినా, మీ విలువ తూకము రాయి మీద గాని, స్కానింగు కాగితము మీద గాని లేదు.

డాక్టరు దగ్గరకు వెళ్లునప్పుడు భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్లండి. ఒక కాగితము మీద ఈ ప్రశ్నలు వ్రాసుకొని వెళ్లండి: నా బరువుకు ఈ సూది అవసరమా? మాత్రలతో మొదలుపెట్టవచ్చునా? ఎంత కాలము వాడవలెను, మొత్తము ఎంత ఖర్చు? బిడ్డ కొరకు ఎప్పుడు ఆపవలెను? ఆపిన తరువాత బరువు పెరుగకుండ ఏమి చేయవలెను? జవాబు అర్థము కాకపోతే మరల అడుగుటకు మొహమాటపడవద్దు.